ఇండికేటర్ వేస్తే దారిస్తారా, దారి మూస్తారా?

మొన్న సాయంత్రం ఉప్పల్ నుంచి తార్నాక వైపు వస్తున్నాను. ఎన్‌జీఆర్‌ఐ మెట్రో స్టేషన్ దాటాక యూటర్న్ తీసుకోవాలి, నేనేమో ఎడమ పక్కన ఇరుక్కుని ఉన్నాను. బుద్ధిగా చాలా ముందే కుడి ఇండికేటర్ వేశాను. అద్దంలో చూస్తే వెనక తెల్ల కారుకీ నాకూ మధ్య బోలెడు ఖాళీ ఉంది. ఇండికేటర్ రెండుసార్లు వెలిగిందో లేదో ఆ ఖాళీ మాయమైపోయింది, తెల్ల కారు సర్రున నా పక్కకి వచ్చేసింది. దాని వెనకే ఒక బైకు, బైకు వెనక ఒక ఆటో, ఆటో తోక పట్టుకుని ఇంకో కారు. విసుగొచ్చి ఇండికేటర్ ఆపేసి, ఏమీ చెప్పకుండా కారు ముక్కు కుడివైపుకి దూర్చాను. అందరూ ఆగారు! ఒక్క హారన్ తిట్టు తప్ప ఇంకేం జరగలేదు.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. రూల్ ప్రకారం చెప్పి అడిగితే ఒక్కడూ దారివ్వలేదు, చెప్పకుండా దూరితే ఇచ్చారు. మన ఊళ్లో ఇండికేటర్ వేయరు అని అందరం తిట్టుకుంటాం కానీ, ఎందుకు వేయరో కాస్త విప్పి చూస్తే అది వట్టి బద్ధకం వ్యవహారం కాదని తెలుస్తుంది. ఒకే లైటుకి నాలుగైదు అర్థాలున్నాయి. పైగా చెప్పినవాడికే నష్టం జరిగే ఏర్పాటు కూడా ఒకటుంది.

ముందు ఏ లైటు దేనికో తేల్చుకుందాం

హైదరాబాద్‌లో సిగ్నల్ అంటే కూడలిలో ఉండే ఎర్రలైటు. అందుకని ఇక్కడ ఇండికేటర్ అనే అంటాను, అంటే ఎడమకో కుడికో వెళ్లబోతున్నానని చెప్పే పసుపు నారింజ లైటు. హజార్డ్ అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకోవడం, కార్లలో ఎర్ర త్రిభుజం బటన్. డిప్పర్ అంటే హెడ్‌లైట్ టపటపా కొట్టడం. మూడూ మూడు వేర్వేరు మాటలు, మనం మాత్రం వాటిని కలిపి వాడేస్తుంటాం.

ఇండికేటర్‌కి ఒక కొలత కూడా ఉంది. మన కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం అది నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలిగి ఆరాలి. నడిమధ్య 90 అనుకుంటే సెకనుకి ఒకటిన్నర. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

లోపల వినిపించే టిక్ టిక్ ఎక్కడిదంటే, పాత బండ్లలో రెండు రకాల లోహాలు అతికించిన చిన్న రేకు ఉండేది. కరెంటు పారితే వేడెక్కి వంగేది, వంగితే కరెంటు తెగేది, చల్లారి మళ్లీ అతుక్కునేది. ఆ అతుక్కోవడం, తెగడమే టిక్ టిక్. ఇప్పటి కార్లలో ఆ రేకు లేదు, చాలావాటిలో ఆ చప్పుడు స్పీకర్లోంచి వేయిస్తున్నారు. చప్పుడు ఉన్నట్టుండి గబగబా కొట్టుకోవడం మొదలైందంటే, చాలా బండ్లలో ఆ పక్కన ఒక బల్బు పోయిందని అర్థం. బ్యాటరీ పోతోందేమోనని కంగారుపడేవాళ్లని చూశాను, దానికీ దీనికీ సంబంధం లేదు.

చెయ్యి చాపిన రోజుల నుంచి

లైట్లు రాకముందు అంతా చేతి భాషే. మన దగ్గర డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి సైగలన్నీ కుడిచేత్తోనే. కుడికి తిరగాలంటే చెయ్యి బయటికి బారుగా చాపి అరచేయి ముందుకు పెట్టాలి. ఎడమకైతే అదే కుడిచేతిని బయటికి చాపి గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిప్పాలి. నెమ్మదించడానికి అరచేయి కిందికి పెట్టి పైకీ కిందికీ ఊపాలి, ఆగడానికి ముంజేయి నిలువుగా ఎత్తాలి. వెనకవాణ్ణి దాటి వెళ్లమనడానికి చెయ్యి ముందుకీ వెనక్కీ ఊపాలి. ఇవన్నీ 1989 నాటి రోడ్డు నియమాల్లో రాసి ఉన్నవే. ఆటో అన్నలు ఇప్పటికీ ఇందులో సగం వాడతారు, కొందరైతే కాలు కూడా బయటికి పెడతారు, అది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

అమెరికాలో మూకీ సినిమాల నటి ఫ్లోరెన్స్ లారెన్స్ 1914 ప్రాంతంలోనే బటన్ నొక్కితే కారు వెనక చిన్న చెయ్యి లేచి ఎటు తిరుగుతుందో చూపించే ఏర్పాటు ఒకటి చేసుకుంది, పేటెంట్ మాత్రం తీసుకోలేదు. వెలిగి ఆరే ఇండికేటర్లని 1939లో బ్యూక్ కంపెనీ తన కార్లలో బిగించి అమ్మింది. మలుపు తిరిగాక దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఆ తర్వాత ఏడాది వచ్చింది.

ఈ దానంతటదే ఆరడం అనేదానిలో ఒక కిటుకుంది, చాలామందికి తెలియదు. స్టీరింగ్ బాగా తిరిగి వెనక్కి వస్తేనే లోపలి కొక్కెం తగిలి ఇండికేటర్ ఆరుతుంది. లేన్ మారేటప్పుడు స్టీరింగ్ అంత తిరగదు. అంచేత పెద్ద మలుపు తర్వాత ఆరిపోయేది, లేన్ మారాక ఆరదు, మనం మర్చిపోతాం, ఓ కిలోమీటరు అలాగే కొట్టుకుంటూ వెళ్తాం. కొత్త కార్లలో స్టీరింగ్ పక్కనుండే ఇండికేటర్ పుల్లని మెల్లగా ఒక్కసారి తాకితే మూడుసార్లు వెలిగి ఆరిపోయే వసతి పెట్టింది ఇందుకే. చాలా బైకులకీ స్కూటర్లకీ అసలు ఆ ఆరే ఏర్పాటే లేదు, బొటనవేలితో నొక్కితేనే ఆరుతుంది. ఎండలో ఆ చిన్న లైటు మనకే కనపడదు, ట్రాఫిక్ రొదలో చప్పుడూ వినపడదు.

చట్టం చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

1988 మోటారు వాహనాల చట్టంలో 121వ సెక్షన్ ఉంది. చెప్పిన సందర్భాల్లో డ్రైవరు సైగ ఇచ్చి తీరాలి, మన కుడి స్టీరింగ్ బండ్లలో తిరుగుతున్నాననో ఆగుతున్నాననో చెప్పేందుకు చేతికి బదులు కరెంటుతో పనిచేసే పరికరం వాడుకోవచ్చు అని దాని సారాంశం. 1989 నాటి నియమాల స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. అంటే ఇండికేటర్ వేయడం మర్యాద కాదు, బాధ్యతే.

అయితే ఇక్కడే మొదటి పెద్ద అపోహ. ఇండికేటర్ వేశాను కాబట్టి నాకు హక్కు వచ్చింది అనుకోవడం. రాదు. ఇండికేటర్ ఒక ప్రకటన మాత్రమే, నేనిలా వెళ్లాలనుకుంటున్నాను అని. ఆ ఖాళీలో ముందే ఉన్నవాడిదే ఆ చోటు. పెళ్లి పందిట్లో కుర్చీ వైపు వేలు చూపించినంత మాత్రాన కుర్చీ మనదవదు కదా. ఇండికేటర్ వేసి అదే సెకనులో కట్ కొట్టి, గుద్దుకున్నాక దిగి "ఇండికేటర్ వేశా కదా, కనపడ్తలేదా?" అని అరిచేవాళ్లు ఈ తేడా దగ్గరే తప్పుతారు.

మరి వేయనివాళ్లకి చలానా ఎందుకు పడదు? హెల్మెట్ లేకపోవడం, స్టాప్ లైన్ దాటడం, రాంగ్ రూట్లో రావడం, ఇవన్నీ ఒక్క ఫోటోలో దొరికిపోతాయి. ఇండికేటర్ వేయలేదని ఒక్క ఫోటోతో ఎలా చూపిస్తారు? అది వేసినా సగం సేపు ఆరే ఉంటుంది! ఫోటో తీసిన క్షణం ఆరిన క్షణమే కావచ్చు. వీడియో కావాలి, మలుపు మొత్తం కనపడాలి. ఫోటో చలానాలకి అలవాటుపడ్డ ఊళ్లో ఇది దాదాపు పట్టుబడని తప్పు.

ఖాళీ ఎందుకు మూసుకుపోతుంది

ఇప్పుడు నా తెల్ల కారు దగ్గరికి వద్దాం. లెక్క వేసి చూస్తే కానీ ఇందులో ఎవరి తెలివి ఎంతో తెలియదు.

ఇద్దరం గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాం అనుకోండి. నేను దూరాల్సిన చోట ఖాళీ 12 మీటర్లు. నా కారు పొడవు 4 మీటర్లు. ముందూ వెనకా నాలుగేసి మీటర్లు వదిలినా సరిపోతుంది. నేను ఇండికేటర్ వేయగానే వెనకతను 40కి పెంచాడు. తేడా 10 కిలోమీటర్లు, అంటే సెకనుకి సుమారు 2.8 మీటర్లు. మూడు సెకన్లలో 8 మీటర్ల పైచిలుకు తినేస్తాడు, మిగిలేది 4 మీటర్లు కూడా ఉండదు. నా ఇండికేటర్ నాలుగైదుసార్లు వెలిగేలోపు తలుపు మూసుకుంది. నేను ఇండికేటర్ వేయకపోతే అతనికి తొందరపడే కారణమే ఉండేది కాదు, ఖాళీ ఖాళీగానే ఉండేది.

కాబట్టి ఒక్క మలుపు వరకు చూస్తే చెప్పనివాడే లాభపడ్డాడు. రేపటి నుంచి అతను వేయడు. అందరూ అదే పాఠం నేర్చుకుంటే ఏ బండి ఎప్పుడు ఎటు దూరుతుందో తెలియదు, దాంతో వెనకవాడు ఇంకా అంటుకుని నడుపుతాడు, ఖాళీలు ఇంకా తగ్గుతాయి, ఇంకా చెప్పకుండా దూరాల్సి వస్తుంది. ఎవరికి వారు తెలివిగానే ఉన్నారు, మొత్తం కలిపితేనే అమీర్‌పేట ట్రాఫిక్ జామ్ అవుతుంది.

వెనకతని వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నేనూ చాలాసార్లు ఆ తెల్ల కారునే. కూకట్‌పల్లి నుంచి పంజాగుట్ట వచ్చేలోపు పదిమంది ఎడమ నుంచి వచ్చి ముందు దూరి ఉంటారు. వాళ్లలో కొందరు లైన్లో నిలబడకుండా ఫ్రీ లెఫ్ట్, అంటే ఎర్రలైటు ఉన్నా ఎడమకి తిరిగిపోయే దారి, ఖాళీగా ఉందని దాంట్లోంచి వచ్చి చివర్లో నేరుగా పోదామనుకునేవాళ్లు. పదకొండోవాడు నిజంగా తప్పిపోయి మర్యాదగా అడిగినా, అతనూ అలాంటివాడే అనిపిస్తుంది. ఒకణ్ణి వదిలితే అతని వెనక తోకలా ఇంకో ముగ్గురు. నా వెనకవాడు ఆపకుండా హారన్. ఇంతమంది మధ్య ఆ పసుపు లైటు విన్నపంలా కాదు, బెదిరింపులా కనిపిస్తుంది.

దీనికి సమాధానంగా నడిపేవాళ్లు చెప్పే మాట ఇంకొకటుంది. గంటకి 15 కిలోమీటర్ల వేగంలో లైట్లెందుకు, కళ్లూ చేతులూ చాలు అని. అద్దం దించి చెయ్యి చూపించి, "అన్నా, ఒక్క నిమిషం" అంటే చాలామంది ఆగుతారు, ఇది నిజం. ఇండికేటర్‌కి మొహం ఉండదు, చేతికి మనిషి ఉంటాడు. ఇండికేటర్ వేసినప్పుడు మూసేసిన అదే కారు చెయ్యి చూపిస్తే ఆగడం నేను ఎన్నోసార్లు చూశాను. కాకపోతే ఈ వాదన నత్తనడక ట్రాఫిక్‌కే పనికొస్తుంది. రాత్రిపూట, వానలో, నల్ల విజర్ హెల్మెట్ల మధ్య, ఏసీ వేసి అద్దాలు మూసుకున్న కార్ల మధ్య ఆ చెయ్యి ఎవరికి కనపడుతుంది? ఇద్దరు మాట్లాడుకుంటే సరిపోయేచోట చెయ్యి చాలు, పదిమందికి తెలియాల్సినచోట చాలదు. ఆ పదిమందిలో రోడ్డు దాటడానికి నిలబడ్డ ముసలాయన కూడా ఉంటాడు. సందులోకి ఎడమకి తిరిగే కారు ఇండికేటర్ వేయకపోతే నేరుగా పోతుందిలే అనుకుని అడుగు వేసేది ఆయనే. బండ్లో కూర్చున్నవాళ్లం ఇండికేటర్ అంటే బండ్లకి చెప్పేదనే అనుకుంటాం.

ఎంత ముందు వేస్తే ముందు వేసినట్టు

మామూలుగా మలుపుకి కనీసం 30 మీటర్ల ముందు అని నేర్పుతారు. మీటర్లు రోడ్డు మీద ఎవరూ కొలవరు కాబట్టి సెకన్లలోకి మార్చి చూద్దాం. 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 11 మీటర్లు, 30 మీటర్లంటే మూడు సెకన్లకి కాస్త తక్కువ. ఇండికేటర్ నాలుగుసార్లు వెలుగుతుంది. వెనకవాడు చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు పెట్టేసరికి ఒకటిన్నర సెకను పోతుంది, అంటే సగం దూరం అయిపోయింది. మిగతా సగంలో అతను నెమ్మదించాలి. సరిగ్గా సరిపోతుంది, మిగులేమీ లేదు.

మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది మాత్రం ఇంకో వరస. ముందు బ్రేకు, తర్వాత స్టీరింగ్, తిరుగుతూ తిరుగుతూ ఇండికేటర్. ఒక్కసారి వెలుగుతుంది, అంతే. అప్పటికి వెనకవాడికి తెలియాల్సినదంతా బ్రేక్ లైటూ బంపరూ చెప్పేశాయి.

అదే ఔటర్ రింగ్ రోడ్డు మీద లెక్క మారిపోతుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద కుడివైపు రెండు లేన్లలో వేగ పరిమితిని 2023లో 120కి పెంచారు, మిగతా రెండు లేన్లు 80. 120 అంటే సెకనుకి 33 మీటర్లు. ఊళ్లో అలవాటు ప్రకారం 30 మీటర్ల ముందు వేస్తే ఒక్క సెకను కూడా ఇవ్వనట్టే. ఐదు సెకన్లు ఇవ్వాలంటే 167 మీటర్ల ముందు వేయాలి. పైగా 120 లేన్ నుంచి 80 లేన్‌లోకి వచ్చి, అక్కణ్ణుంచి ఎగ్జిట్‌కి, రెండు మూడు మెట్లు దిగాలి. ఒకసారి ఇండికేటర్ వేసి నాలుగు లేన్లూ ఏటవాలుగా కోసుకుంటూ పోయేవాళ్లు ఉన్నారు, వాళ్ల లెక్కలో ఒక ఇండికేటర్‌కి ఎన్ని లేన్లయినా వస్తాయి. ఒక్కో లేన్‌కి మళ్లీ అద్దం చూసి, ఆ లేన్‌లో నిలదొక్కుకుని, అప్పుడు ఇంకోదానికి వెళ్లాలి.

నాలుగు లైట్లూ వేస్తే "నేరుగా" అని కాదు

ఇది మన దేశంలో పుట్టి పెరిగిన నమ్మకం. కూడలిలో నేరుగా వెళ్లేవాళ్లు హజార్డ్ లైట్లు వేయడం. ఎడమకి ఎడమ లైటు, కుడికి కుడి లైటు, మరి నేరుగా పోవాలంటే రెండూ కలిపి వేయాలి కదా అనే తర్కం. తర్కం వినడానికి భలే ముచ్చటగా ఉంటుంది, చూసేవాడి చోట నిలబడితేనే చెడుతుంది.

కూడలికి ఎడమ రోడ్డులో నేను బండి ఆపుకుని ఉన్నాను. కుడి నుంచి హజార్డ్ వేసుకుని ఒక కారు వస్తోంది. దాని ముందు బస్సో డివైడర్ మీది బోర్డో అడ్డు ఉంటే నాకు కనిపించేది దాని ఎడమ మూల లైటు ఒక్కటే. ఎడమకి, అంటే నేనున్న రోడ్డులోకే తిరుగుతోందనుకుని నేను ముందుకి కదులుతాను. అది నేరుగా నా ముందుకే వస్తుంది. నేరుగా పోయేవాడు ఏ ఇండికేటరూ వేయకపోవడమే సరైన ఇండికేటర్. హజార్డ్ అంటే నేను ఆగిపోయాను, నా చుట్టూ తిరిగి వెళ్లండి అని.

వానలో హజార్డ్ వేసుకుని నడపడం మీద మాత్రం రెండు వాదాలున్నాయి. కుండపోతలో ముందు బండి అసలు కనపడదు, కొట్టుకునే లైటు దూరం నుంచే కనపడుతుంది కదా అంటారు వేసేవాళ్లు. వాళ్ల భయం నిజమైనదే, జూలై వానలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద నడిపినవాళ్లకి తెలుసు. వద్దనేవాళ్లు చెప్పేది రెండు ముక్కలు. చాలా బండ్లలో హజార్డ్ వేశాక ఎడమా కుడీ చెప్పే దారి ఉండదు, అంటే లేన్ మారేటప్పుడు నోరు మూసుకున్నట్టే. రెండోది, నిజంగా ఆగిపోయిన బండికీ నడుస్తున్న బండికీ తేడా తెలియదు. నాకైతే రెండో ముక్క బలంగా కనిపిస్తుంది. హెడ్‌లైట్లు వేస్తే వెనక ఎర్ర లైట్లు ఎలాగూ వెలుగుతాయి. ముందు ట్రాఫిక్ హఠాత్తుగా ఆగినప్పుడు వెనకవాణ్ణి హెచ్చరించడానికి నాలుగు సెకన్లు హజార్డ్ కొట్టడం వేరు, అది ఉపయోగం.

లారీ కుడి ఇండికేటర్ అనే పొడుపుకథ

విజయవాడ రోడ్డు ఎక్కగానే ఇంకో భాష మొదలవుతుంది. ముందు లారీ వెళ్తోంది, మీరు దాటాలనుకుంటున్నారు. లారీ కుడి ఇండికేటర్ వేసింది. దానికి అర్థం ఏమిటి? నేను కుడికి వస్తున్నాను, దాటొద్దు అని పుస్తకం. ముందు రోడ్డు ఖాళీ, నా కుడి పక్క నుంచి వెళ్లిపో అని కొందరు డ్రైవర్ల అలవాటు. ఇంకొందరు ఇదే మాట ఎడమ ఇండికేటర్‌తో చెప్తారు, నేను ఎడమకి సర్దుకుంటున్నాను, నువ్వు పో అని. ఒకే లైటుకి పూర్తిగా ఎదురెదురు అర్థాలు, తప్పుగా చదివితే ఎదురుగా వచ్చే బస్సు.

ఈ అలవాటు మర్యాద నుంచే పుట్టింది, అది మరచిపోకూడదు. రెండు లేన్ల రోడ్ల కాలంలో ఎత్తున కూర్చున్న లారీ డ్రైవర్‌కి ముందు కనపడేది, వెనక కారువాడికి కనపడేది కాదు. ఆయన తన కళ్లు మనకి అప్పిచ్చేవాడు. చేత్తో దాటి వెళ్లమనే పాత సైగ ఉంది చూశారా, దానికే లైటు రూపం ఇది. ఇప్పుడు మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద ఆ అవసరం పోయింది, అలవాటు మిగిలింది. కుడి లైటు చూస్తే దాన్ని పుస్తకం అర్థంలోనే చదవడం క్షేమం. అది తప్పయితే నాలుగు సెకన్లు ఆలస్యం, రెండోది తప్పయితే అంతకంటే చాలా ఎక్కువ.

డిప్పర్ సంగతీ ఇంతే. కొన్ని దేశాల్లో హెడ్‌లైట్ కొడితే మీరు వెళ్లండి అని, మన దగ్గర నేనొస్తున్నా ఆగు అని. విదేశం నుంచి వచ్చిన మా బంధువు ఒకాయన ఎదుటివాడు డిప్పర్ కొట్టగానే చెయ్యెత్తి థాంక్స్ చెప్పి ముందుకి కదిలాడు. పక్కన కూర్చున్న నాకు గుండె ఆగినంత పనయింది.

యూటర్న్ ఊరికి ఇండికేటర్ చాలదు

కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో చాలా కూడళ్లు మూసి యూటర్న్‌లు తెరిచారు. కుడికి వెళ్లాలంటే ముందు ఎడమకి తిరిగి, కాస్త దూరం పోయి, డివైడర్ దగ్గర యూటర్న్ తీసుకుని వెనక్కి రావాలి. అంటే ఒక్క కుడి మలుపు కోసం ఇప్పుడు ఒక ఎడమ ఇండికేటర్, వెంటనే లేన్లు దాటడానికి కుడి ఇండికేటర్, యూటర్న్‌కి మళ్లీ కుడి, తిరిగాక ఎడమకి జరగడానికి ఎడమ ఇండికేటర్. నాలుగు ప్రకటనలు. వేయనివాడు ఇదివరకు ఒక తప్పు చేసేవాడు, ఇప్పుడు నాలుగు చేస్తున్నాడు. మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్‌లలో అయితే అవతలి రోడ్డు కనపడదు, మన ఇండికేటర్ వాళ్లకి కనపడదు, పిల్లర్ అడ్డు. అక్కడ ఇండికేటర్ వెనకవాడికే, ముందువాడికి మన బంపరే కబురు.

ఫ్లైఓవర్ మొదలయ్యేచోట ఇంకో సందేహం. పైకి వెళ్లేవాడు కుడి ఇండికేటర్ వేయాలా? రోడ్డు నేరుగానే పోతోంది కదా. వేయకపోయినా తప్పనలేం కానీ, చివరి క్షణంలో మనసు మార్చుకుని కిందికో పైకో వెళ్లేవాళ్లు ఎక్కువున్నచోట, పంజాగుట్ట లాంటి చోట, లేన్ మారుతున్నారా లేదా అన్నదే కొలత. ఉన్న లేన్‌లోనే పైకెక్కితే అక్కర్లేదు, గీత దాటితే కావాలి. దిగేటప్పుడు పక్క రోడ్డులో కలవాలంటే ఏ వైపుకి జరుగుతున్నామో ఆ వైపు.

ఫ్రీ లెఫ్ట్ దగ్గర ఎడమ ఇండికేటర్ వేస్తే చిన్న మేలు జరుగుతుంది, ముందు ఆగి దారి మూసేసినవాడికి వెనకవాడు ఎడమకి పోవాలని హారన్ లేకుండా తెలుస్తుంది. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ పేరుతో ఫ్రీ లెఫ్ట్ అడ్డుకునేవాళ్లకి 1000 రూపాయలు వేస్తామన్నప్పుడు కొన్నాళ్లు ఎడమ పక్క నిజంగానే ఖాళీగా కనిపించింది.

ఎవరూ లేనప్పుడు కూడా వేయాలా

రాత్రి రెండింటికి, ఖాళీ రోడ్డు, వేయాలా వద్దా? ఆలోచించి వేయాలి అనేవాళ్ల మాట ఏమిటంటే, ఎవరికోసం వేస్తున్నానో చూసి వేస్తే చుట్టూ చూడటం అలవాటవుతుంది, యాంత్రికంగా వేసేవాడు అద్దం చూడటం మానేస్తాడు అని. ఎప్పుడూ వేయాలి అనేవాళ్లు, ఎవరూ లేరని మనమనుకున్నప్పుడే మన కంటికి చిక్కని బైకు ఒకటుంటుంది అంటారు. రెండింట్లోనూ పస ఉంది. కానీ మొదటి పద్ధతికి ప్రతిసారీ నూటికి నూరు శ్రద్ధ కావాలి, ఆఫీసు అయ్యాక గచ్చిబౌలి నుంచి ఇంటికొచ్చే బుర్రలో అంత శ్రద్ధ మిగలదు. చెయ్యి దానంతటదే పోయే అలవాటే నయం.

ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. అమెరికాలో 2012లో బయటికొచ్చిన ఒక అధ్యయనంలో 12,000 బండ్లు గమనిస్తే లేన్ మారేటప్పుడు 48 శాతం మంది ఇండికేటర్ వేయలేదు, లేదా వేసి ఆపలేదు. మలుపుల దగ్గర అది 25 శాతం. అక్కడా లేన్ మార్పులోనే ఎక్కువ. ఇండికేటర్ దానంతటదే ఆరనిదీ, ఖాళీ మూసుకుపోయే భయం ఉన్నదీ ఆ లేన్ మార్పులోనే.

వేసి మర్చిపోయినవాళ్ల విషయంలో మాత్రం మన ఊరికి ఒక మంచి అలవాటుంది. సైడ్ స్టాండ్ ఎత్తకుండా పోయేవాణ్ణి చూసి "స్టాండ్, స్టాండ్" అని అరిచినట్టే, ఇండికేటర్ కొట్టుకుంటుంటే పక్కకి వచ్చి గుప్పిట మూసి తెరిచి చూపిస్తారు. చిక్కల్లా ఆ సైగకే ఇంకో అర్థం కూడా ఉండటం, పట్టపగలు హెడ్‌లైట్ వెలుగుతోంది అని. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులన్నిటికీ హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటుంది, ఆ సైగ అప్పటి నుంచీ వృథా. మొన్న నాచారం దగ్గర ఒకబ్బాయి కుడి ఇండికేటర్ వేసుకుని చాలాసేపటిగా నా ముందు నేరుగా పోతున్నాడు. పక్కకి వెళ్లి గుప్పిట మూసి తెరిచి చూపించాను. నావైపు తిరిగి నవ్వి, "కొత్త బండి అంకుల్, అది బంద్ కాదు" అని చెప్పి, ఎడమకి తిరిగి వెళ్లిపోయాడు.